గోడ మీద నా ఫొటో

అమ్మా,

కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది, ఒళ్ళు మండుతోందంతే. పనివాళ్ళకు హుషారు రావాలని మా షాపు కొత్త మేనేజరు నెలనెలా ఎక్కువ అమ్మినవాళ్ళ ఫొటో బిల్లు కౌంటరు పక్కన గోడకు తగిలిస్తున్నాడు. ఈసారి నాది. కొరివితో తల గోక్కున్నట్టయింది. కాలిపోయిన మిక్సీలు, పిడి ఊడిన కుక్కర్లు పట్టుకొచ్చేవాళ్ళంతా ఆ ఫొటో చూసి తిన్నగా నా మీదికే వస్తున్నారు. నిన్న ఒకావిడతో "ఇది నేనమ్మింది కాదండీ" అంటే, "గోడ మీదున్నది నువ్వే కదమ్మా, నువ్వే మార్చియ్యి" అని మిక్సీ నా చేతుల్లో పెట్టేసింది. మేనేజరేమో "చూశావా, నీ మీద ఎంత నమ్మకమో!" అంటూ అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఇప్పుడిక్కడ ఎవరికీ ఫస్టు రావాలని లేదు. వచ్చిన బేరాన్ని నా వైపు తోసి, తప్పుకుంటున్నారు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? బరువులు ఎత్తొద్దన్నానని అక్కకు చెప్పు. నా పాత కళ్ళజోడు వెంటనే పంపించు, ఫొటోలో నాకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ "ఫస్టు రావాలి తల్లీ" అని దీవిస్తావు కదా, ఈ నెలకు ఆ దీవెన మా పక్క కౌంటరు పిల్లకు ఇచ్చెయ్యి.

నీ చిన్నది