పరదా వేసి చూసిన ఎక్స్‌రే

మస్కట్

అన్నకు చెల్లెలు సుజాత నమస్కారాలు. నేను బాగున్నాను, ఉద్యోగమూ ఉంది, అమ్మను దిగులు పడొద్దని చెప్పు. వదిన ఒంట్లో ఎలా ఉంది? వలకు ఏమైనా పడుతున్నాయా? ఫోన్లో అయితే నువ్వు సగంలోనే "సర్దుకోని పో పాపా" అంటావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

ఇక్కడి ఎండ ముందు మన పులికాట్ ఎండ ఏపాటి! నేను డాక్టరుగా చేస్తున్న పళ్ళ క్లినిక్ చుట్టూ అద్దాలే, పైన తెల్లటి లైట్లు. ఆ వెలుతురులో ఎక్స్‌రే చూద్దామంటే కంప్యూటర్ తెర మీద పళ్ళకంటే నా మొహమే బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం పడవలోంచి నీళ్ళలోకి చూసేటప్పుడు నువ్వు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటావే, అదే అవస్థ. గది మసకగా ఉంటేనే నలుపుకీ బూడిదరంగుకీ తేడా తెలుస్తుంది. పరదాలు వేయిద్దామని అడిగితే మా యజమాని, ఆయనా పళ్ళ డాక్టరే, "చీకటి కొట్టు చేస్తావా?" అన్నాడు.

పోయిన వారం మన నాయుడుపేట ఆమె వచ్చింది. రమణమ్మ అని, ఇక్కడ ఒకరింట్లో వంట చేస్తుంది. పని ఎగ్గొట్టడానికే పన్ను నొప్పి అంటోందని వెంట వచ్చిన ఆ ఇంటావిడ చెప్పింది. ఎక్స్‌రే తీశాను. యజమాని తెర వైపు ఒకసారి చూసి, "ఏమీ లేదు, పంపించెయ్" అన్నాడు.

రమణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాటకాలాడతా ఉండానా తల్లీ? ముద్ద నమిలి ఎన్నాళ్ళయిందో."

లేచి లైట్లన్నీ ఆర్పేశాను. కిటికీకి దుప్పటి వేలాడదీశాను. కళ్ళు కాస్త అలవాటు పడ్డాక చూస్తే, దవడ పంటి వేరు కొసన పలచటి నల్లని నీడ! ఆ పంటి మీద తడితే ఆమె ఎగిరిపడింది. లోపల చీము పడుతోంది.

"ఇంకోసారి లైట్లు ఆర్పావంటే మీ ఊరికి పోతావు" అన్నాడు యజమాని, అందరి ముందూ.

"పోతాను సార్. సరిగా కనపడని ఎక్స్‌రే చూసి ఏమీ లేదని మాత్రం రాయను" అన్నాను.

రమణమ్మ పంటికి వైద్యం చేశాను. ఇప్పుడు అన్నం తింటోంది. నేను నల్లగుడ్డ తెచ్చి పరదా కుట్టుకున్నాను. నిన్న యజమాని తలుపు దగ్గర నిలబడి చూశాడు. లైట్ల స్విచ్ మీద మాత్రం చెయ్యి వేయలేదు.

ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపు. పెదనాన్నకు నా దండాలు చెప్పు. రేపూ పరదా వేస్తాను. ఇక్కడ వద్దంటే ఇంకోచోట వేస్తాను. ఆ ధైర్యం నిలవాలని అందరూ గట్టిగా దీవించండి.

నీ చెల్లెలు
సుజాత