చాందిని లద్దె

1998 ఆగస్టు 8, శనివారం
మాదాపూర్‌లో కొత్త ఆఫీసు బిల్డింగు కడుతున్న చోట చువ్వ గీసుకుని చాందిని వెనకకాలు చీలింది. పెళ్లి బారాత్‌లకు తిరిగే తెల్ల గుర్రం. పదకొండేళ్లుగా నా దగ్గర ఉంది. పోయినేడు మా బర్రె పుండుకు తెచ్చిన ఇంజక్షను మందు మిగిలి ఉంటే నేనే పొడిచాను. డాక్టరు ఎందుకు? నలభై ఏళ్లు గుర్రాలతో బతికినవాణ్ణి.

ఆగస్టు 10
మూడో ఇంజక్షను. పుండు ఆరుతోంది. చూసినవా అన్నాను కొమురమ్మతో. నా పెండ్లాం మెచ్చుకునే మనిషి కాదు.

ఆగస్టు 11, పొద్దున ఆరు
నీళ్ల విరేచనాలు. పైపు విప్పినట్టు పోతోంది. గడ్డి ముట్టలేదు.

పదకొండు గంటలు
కొమురమ్మ నన్ను అడగకుండానే పోయి కూకట్‌పల్లి నుంచి జయంతి అనే పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. కోస్తా పిల్ల. తాతగారూ, ఏమైనా మందు వాడారా అండి అని అడిగింది. ఏం వాడలేదన్నాను. అబద్ధం. జర ఆగేటట్టు గోలీ ఇయ్యమ్మా అంటే, ఆపకూడదండి, లోపలి విషం బయటికి పోవాలి, పోయిన నీళ్లు మనం నింపాలి అన్నది. బిల్డింగు పని దగ్గరి సెంట్రింగ్ కర్రలు పాతి, వాటికి సెలైను సీసాలు కట్టి మెడ నరంలోకి ఎక్కించింది. ముక్కులో గొట్టం వేసి బొగ్గుపొడి నీళ్లు పోసింది. దేనివల్ల వచ్చిందో తెలిస్తే సరైన మందు ఇస్తానండి అని మళ్లీ అడిగింది. నేను జీను తుడుస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 12
చాందిని కూలబడింది. లేవడం లేదు. డాక్టరమ్మ మొహంలో ధైర్యం లేదు. కొమురమ్మ డాక్టరమ్మ ముందే అన్నది, నీ ఇజ్జత్ పెద్దదా, దాని పానం పెద్దదా, నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా అని.

మందు సీసా తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. బర్రెకు పడే ఈ మందు గుర్రం పేగుల్లో మంచి క్రిముల్ని చంపేస్తుందండి, చెడ్డవి పెరుగుతాయి, అప్పుడు ఇలా పారుతుంది అన్నది. మన కడుపు చెడితే వేసుకునే మెట్రోనిడజోల్ గోలీలే, పిడికెడు నూరి గొట్టంలో పోసింది. నలభై ఏళ్లలో నాకు తెలియని ముక్క.

ఆగస్టు 13
బతికే ఉంది. బకెట్ నీళ్లు తాగింది.

ఆగస్టు 15
జెండా పండుగ. ఎవరూ లేపకుండా నాలుగు కాళ్ల మీద లేచింది. దగ్గరికి పోతే నా భుజం కొరికింది. కొరకనీ, దానికి ఆ హక్కుంది. కొమురమ్మ నవ్వింది, నిన్ను గుర్తుపట్టింది, ఇగ ఫికర్ లేదు అని.

మందు సీసాకు కాగితం అంటించి పెద్ద అక్షరాలతో రాశాను. గుర్రానికి పొడవొద్దు, ఇట్లు ఎల్లయ్య. రాత్రిబడిలో నేర్చుకున్న చదువు ఈ డైరీకే కాదు, చాందినికీ పనికొచ్చింది.

ఆగస్టు 17, పొద్దున ఏడు
లద్దె ఉండలు పడ్డాయి. గట్టివి, గుండ్రటివి, పద్నాలుగు. మంచిది ఒకటి ఏరి మోదుగాకులో పెట్టుకుని, డాక్టరమ్మకు చూపించడానికి కూకట్‌పల్లి బస్సెక్కాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. సీటంతా నాదే.