చుక్కావుకు సూది పరీక్ష

కృపమణికి, ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. పోయిన వారం పశువుల డాక్టరు ఊరికి వచ్చి, జబ్బు లేని ఆవులకు కూడా సూది వేసి పరీక్ష చేశాడు. మీ పుట్టింటివాళ్లు పెళ్లికిచ్చిన చుక్కావును నేనే అందరికన్నా ముందు తోలుకుపోయాను. మూడో రోజు డాక్టరు మళ్లీ వచ్చి చూస్తే సూది వేసిన చోట వాచింది.

"చూసేదానికి బాగుండాది గానీ లేవీ, దీనికి క్షయ. పాలు తాగొద్దండప్పా" అన్నాడు.

మన బిడ్డ దావీదుకు బలమని పొదుగు దగ్గరే పచ్చిపాలు పట్టించేవాళ్లం. ఇప్పుడు వాడికి దగ్గు తగ్గలేదని రాశావు. మీ అన్నను తోడు తీసుకుని వెంటనే కడప ఆసుపత్రిలో చూపించు. పాల సంగతి దాచకుండా చెప్పు. నీ కాన్పుకు పాత చీరలు పంపనా?

చుక్కను దొడ్డి చివర కట్టాను. పాలచెంబు లేకుండా దగ్గరికి పోతే నా చేతులు చూస్తోంది. అత్తమ్మకు వందనాలు. దావీదు అడిగితే చుక్క బాగుందని చెప్పు.

లేవి