మోతీలాల్ వేయని వేషం

తమ్ముడు మోతీలాల్‌కు, భద్రాచలం నుంచి పుల్లమ్మ అక్క దీవెనలు.

నిన్న నా మనవరాలు సుజాత నీ కొత్త సినిమా చూపించింది. నువ్వు ఫారెస్టు గార్డువి. కొడుకు శవం పక్కన కూర్చుని బీడీ వెలిగించబోయి, అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలుతున్నా చూసుకోలేదు. ఒక్క మాట లేదు.

"అమ్మమ్మా, గీయనతోని నువ్వు నాటకాలేసినవా?" అంది సుజాత.

"పందొమ్మిదేండ్లు" అన్నాను గర్వంగా.

మునసబు, దొంగ, పిచ్చివాడు, నువ్వు వేయనిదేముంది? నేలకొండపల్లిలో దప్పికతో తూలే ముసలివాడివైతే, జనంలోంచి ఒకామె నిజంగానే చెంబుతో నీళ్ళు తెచ్చింది. వేషం విడవకుండానే తాగి, "సల్లగుండు బిడ్డా" అన్నావు. అలాంటి నటుడికి నేను అన్యాయం చేశాను.

ఫోనులో ఈ మాట నా నోరు దాటదు. ఇరవై ఆరేళ్ళ కింద మధిరలో మన నాటక సమాజానికి నీ పేరిట ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద సినిమా కంపెనీ పేరు చూసి, విప్పకుండానే పొయ్యిలో పెట్టాను. నువ్వు పోతే సమాజం మూతపడుతుందని, నా బతుకేమవుతుందని భయపడ్డాను. నీ మొదటి సినిమా మూడేళ్ళు ఆలస్యమైంది నావల్లే. తిట్టు, ఊరుకోకు.

పుల్లమ్మ

*

పుల్లమ్మక్కకు, హైదరాబాదు నుంచి మోతీలాల్ నమస్కారాలు.

జవాబు రాలేదని ఆ కంపెనీ మేనేజరు వారం తర్వాత మా తండాకే వచ్చాడు. నీకు చెప్పలేదు. "తండా మనిషి వేషం. తెలుగు తప్పుగా మాట్లాడాలి, హీరో చేతిలో దెబ్బలు తినాలి, జనం నవ్వాలి" అన్నాడు. మా నాయన దస్రు పక్కనే మంచం మీద కూర్చుని వింటున్నాడు. తల వంచుకున్నాడు.

"గా వేషం నేనెయ్య" అని పంపించేశాను.

నువ్వు కాల్చకపోయినా నేను పోయేవాణ్ణి కాదక్కా. ఆ మూడేళ్ళు నీ పక్కన నిలబడి నేర్చుకున్నదే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నది. ఏడుపు గొంతులో కాదు, చేతుల్లో కనపడాలని చెప్పింది నువ్వే. ఎవరు నేర్పారని అడిగిన ప్రతివాళ్ళకూ నీ పేరే చెప్పాను.

వచ్చే నెల పాల్వంచ దగ్గర షూటింగు. నాకు అక్కగా ఒక పెద్దామె కావాలి, ఐదు సీన్లు. నీ పేరు చెప్పాను. "ఆమెకు కెమెరా అలవాటు లేదు కదా?" అన్నాడు డైరెక్టరు. "మొదటి టేకు చూసినంక మాట్లాడు" అన్నాను.

శుక్రవారం కారు తీసుకుని వస్తున్నాను. రానంటే నీ గడప మీదే కూర్చుంటాను.

నీ తమ్ముడు,
మోతీలాల్