ఇంటి పొట్టేలు

చిన్న మంగళారం ఊరు, గురువారం

పొద్దున ఇంకో గొర్రెపిల్ల చనిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి లేచి తల్లి పొదుగు అందుకోనేలేదు. పశువుల డాక్టర్ వచ్చి, పిల్లను వదిలేసి మా పొట్టేలును చూశాడు.

"ఏడికెల్లి తెచ్చిన్రు దీన్ని?"

"మా మందల పుట్టిందే సార్," అన్నాడు బాపు గర్వంగా.

"ఒక్క రక్తమే తిరుగుతున్నది. గందుకే పిల్లలు బతుకుతలేవు. వేరే మంద పొట్టేలును తెచ్చుకోండ్రి."

ఇదివరకు ఎండాకాలం మేతకు దూరం పోతే మందలు కలిసేవి, పొట్టేళ్లను మార్చుకునేవాళ్లు. ఇప్పుడు చుట్టూ ఫామ్‌హౌస్‌ల గోడలే. బాపు వెంటనే ఒప్పుకున్నాడు. రేపే మారుస్తానన్నాడు.

సాయంత్రం మేనత్త వచ్చి, తన కొడుక్కి నన్ను ఖాయం చేసుకుంది. "ఇంటి పిల్ల ఇంట్లనే ఉంటది," అని మురిసిపోయింది. నన్ను కన్న అవ్వ కూడా బాపుకు మేనమామ కూతురే. బావ మంచివాడు. కాదనడానికి ఇంకో కారణం కూడా దొరకదు నాకు.

"బాపు, పొద్దున డాక్టర్ ఏమన్నడు?" అని అడిగాను.

"అది గొర్ల ముచ్చట బిడ్డా."

అవ్వ నా వైపు చూసి, చాయ్ పెట్టడానికి లేచింది.

రేపు ఆ పొట్టేలు ఈ గోడలు దాటి పోతుంది.