జలపాతంలో నీళ్ళు లేవు

వదినగారికి నమస్కారాలు.

వచ్చే ఆదివారం మీరు ఎనిమిది మందీ మా ఊరు చూడడానికి వస్తున్నారన్న ఉత్తరం అందింది. ఎంత సంతోషించామో మాటల్లో చెప్పలేను. అందుకే చెప్పడం లేదు.

తప్పంతా మీ తమ్ముడిదే. ఇక్కడికి బదిలీ అయిన వారానికే జలపాతం ముందు, దాన్ని తానే కట్టించినట్టు నిలబడి ఫొటో దిగి, "రండి, దగ్గరుండి చూపిస్తాను" అని చుట్టాలందరికీ పంపారు. ఏడాది తిరక్కుండా జలపాతానికి పందొమ్మిది సార్లు వెళ్ళాం. కోటకి పదిహేను సార్లు. కోట కథంతా మీ తమ్ముడికి కంఠతా వచ్చేసింది. మొన్న అక్కడి గైడు సెలవు పెడుతూ తన పని ఈయనకే అప్పజెప్పి వెళ్ళాడు. గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయనైతే నన్ను చూడగానే, "ఈ వారం మీ వైపు వాళ్ళా అమ్మా, సారు వైపు వాళ్ళా?" అని అడుగుతాడు.

ఇంతకీ అసలు సంగతేమిటంటే వదినా, జలపాతంలో ఇప్పుడు చుక్క నీళ్ళు లేవు. బొత్తిగా ఎండిపోయింది. అంత దూరం వచ్చి బండరాళ్ళు చూసి వెళ్తారా? మొన్న ఆదివారం మా బాబాయి అక్కడే కాలు జారి నిలువునా తడిసిపోయి, పాపం, ఇంకా తుమ్ముతూనే ఉన్నాడు.

ఈ ఉత్తరం మీ తమ్ముడికి చూపించలేదు.

అయినా వస్తామంటే మీ ఇష్టం. అన్నీ ఆయన తిప్పి చూపిస్తారు. నేను మాత్రం రాను. ఈ ఊళ్ళో నేనింకా చూడనిది ఒక్కటే మిగిలింది, ఆదివారం మధ్యాహ్నం మా మంచం.

మీ మరదలు