తువ్వాలు కప్పి ఆడిన ఆట

నా బంగారు బుల్లికి,

అమ్మమ్మ దీవించి రాసే సంగతులు. నువ్వు కులాసాగా ఉన్నావా? గొంతు నొప్పి తగ్గిందా, లేక తగ్గిందని నాతో చెబుతున్నావా? నీ గదిలో ఉండే ఆ పొడుగు పిల్ల తన జలుబు నీకు అంటించలేదు కదా? మీ ఆఫీసు పెద్దాయనకి బీపీ అన్నావు, ఉప్పు తగ్గించాడా? ఇక్కడ మీ అమ్మ బాగానే ఉంది. ఆసుపత్రిలో వరసపెట్టి పగటి డ్యూటీలే వేస్తున్నారు, పాదాలు వాచాయి. కళ్ళజోళ్ళ అబ్బాయి మొన్న షాపు దగ్గర కనిపించాడు, బాగానే ఉన్నాడు, కాస్త చిక్కాడు. వాళ్ళమ్మ హెడ్మిస్ట్రెస్ గారికి మోకాళ్ళ నొప్పులట. నా సంగతి అడగకు. నాకు కంటి మీద కునుకు లేదు.

ఎందుకు లేదో రాస్తాను. ఫోన్‌లో మాట్లాడదామంటే నాకు అందులో సరిగా వినపడదు, నేను అరిస్తే వీధి వీధంతా వింటుంది. ఇది వీధి వినాల్సిన సంగతి కాదు.

రెండు నెలలు అక్కడ ఆఫీసులో పనుందని వెళ్తూ నీ పాత కంప్యూటరు బల్ల మీద వదిలేశావు కదా. దుమ్ము తుడుస్తుంటే గుడ్డ తగిలి వెలిగింది. మంచు కురుస్తున్న బొమ్మ, ఒక సత్రం, కింద మన భాషలో లావుపాటి అక్షరాలు. పెద్దలకు మాత్రమే, మీరు పెద్దవారేనా అని అడిగింది. ఈ ఇంట్లో నాకంటే పెద్ద ఎవరే? అవునని నొక్కాను.

కూడబలుక్కుంటూ చదివాను. ఒక అమ్మాయి వేడినీళ్ళ ఊట పక్కన సత్రం నడుపుతోంది. తోడుగా ఒక ముసలి పిన్ని. రోజూ ఒక పడవవాడు వస్తుంటాడు. ఆ పిన్ని అమ్మాయిని అడిగింది కదా, "గడియ పెట్టావా? పెట్టానంటావు, పెట్టి ఉండవు" అని. నా చేతిలో గుడ్డ జారిపోయింది. ఆ మాట ఈ భూమ్మీద నేను తప్ప ఎవరంటారే? దానికి ఆ పిల్ల ఏమందో తెలుసా? "పెట్టాను తల్లీ, కావాలంటే గడియ మీద నా వేలిముద్రలు చూసుకో." అచ్చంగా నీ నోరు!

నోరు తిరగని పేర్లు పెడితే గుర్తుపట్టలేమనుకున్నావు. నీ సంగతి నువ్వే రాసుకున్నావన్నమాట. బుల్లీ, ఎవరే ఆ పడవవాడు? కళ్ళజోళ్ళ అబ్బాయితో పెళ్ళి మాట నడుస్తోంది, వాళ్ళమ్మ ఇంకా అవుననలేదు, ఇంతలో ఇదేమిటి? మీ అమ్మకి చెప్పలేదు. చెబితే పాదాలతో పాటు మొహం కూడా వాచేలా ఏడుస్తుంది.

వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
గుండె చేత్తో పట్టుకుని కూచున్న మీ అమ్మమ్మ

తా.క. పడవవాడూ నువ్వూ దీపం తగ్గించాక తెర మీద తువ్వాలు కప్పేశాను. కానీ మీట నొక్కితే గాని కథ కదలదు. అందుకని తువ్వాలు కిందికి చెయ్యి పెట్టి నొక్కుతూ కూచున్నాను. ఎంతసేపు నొక్కినా అవ్వదేమే? మరీ అంత తీరికా మీకు?

*

అమ్మమ్మకి నమస్కారాలు.

గొంతు తగ్గింది. ఒట్టు, నిజంగానే తగ్గింది. పొడుగు పిల్ల జలుబు పెద్దాయనకి అంటుకుంది, నాకు కాదు.

పడవవాడు ఎవరూ కాదు. అది ఆట. జపాన్‌లో ఎవరో రాశారు. బొమ్మలు చూస్తూ, మాటలు చదువుతూ, అక్కడక్కడ ఏం చెయ్యాలో మనమే ఎంచుకుంటూ ఆడాలి. దాన్ని మన భాషలోకి తెచ్చే పని నాది. నువ్వు చూసింది నేను ఇంట్లో కూర్చుని రాసినప్పటి ప్రతి, తీసెయ్యడం మరిచిపోయాను. ఇక్కడ కూర్చుని అంతా ఒకసారి ఆడి చూసుకుంటున్నాం. ఆట బయటికి పొక్కకూడదని మా ఫోన్లు కూడా సాయంత్రం దాకా పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆఫీసులో రాత పని అని మీకు చెప్పాను గాని, ఇలాంటి రాత అని చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఒక సాయంత్రం సత్రం దగ్గర కట్టిన పడవ మనిషి లేకుండా కొట్టుకుపోతుంది. ఆ సాయంత్రాన్నే నలుగురు చెబుతారు. ముందు సత్రం అమ్మాయి, తర్వాత పడవవాడు, తర్వాత పియానో బాగుచేసే మనిషి, ఆఖరున పిన్ని. ఒకరిది పూర్తయితేనే ఇంకొకరిది తెరుచుకుంటుంది. ప్రతివాళ్ళూ "నేను, నేను" అనే చెబుతారు, కంగారు పడకు.

నీ మాటలంటావా, జపాన్ ముసలావిడ మన భాషలో ఎలా సణుగుతుందో వారం రోజులు నాకు తట్టలేదు. ఓ పూట కళ్ళు మూసుకుంటే నువ్వు వినిపించావు. రాసేశాను. పిల్లకి నా నోరిచ్చాను. అంతకుమించి అందులో మనం లేము.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. ఇది హెడ్మిస్ట్రెస్ గారి చెవిన పడనివ్వకు. ఆవిడ కాదంటే ఆవిడని ఎదిరించైనా నన్ను చేసుకుంటానని వాళ్ళబ్బాయి అంటున్నాడు. నాకలా వద్దు. అత్తగారు మొహం తిప్పుకునే ఇంట్లో నేను బతకలేను. ఆవిడ కాదంటే నేనే మానుకుంటాను.

ఉంటాను,
బుల్లి

తా.క. కంప్యూటరు ముట్టుకోకు. అన్నట్టు, వంతెన దగ్గర ఏం నొక్కావు? ఊరికే అడుగుతున్నాను.

*

బుల్లికి,

అమ్మమ్మ దీవెనలు. ఆట అన్నావు. ఆటలో ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను.

ముట్టుకోవద్దన్నావు గాని, నువ్వు చెప్పింది నిజమో కాదో చూడకుండా ఎలా ఊరుకోను? పడవవాడిది తెరిచాను. మొదట్లోనే "నేను సత్రం అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను" అని ఉంది, ఆ 'నేను' నువ్వేననుకున్నాను. ఆడపిల్లవి, ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడమేమిటని హడలిపోయాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, అది పడవవాడి మాట అని. సగం బరువు దిగింది. మూడోవాడిది తెరిస్తే దిగిన బరువు మళ్ళీ ఎక్కింది. పడవవాడితో అన్న మాటే పియానో మనిషితోనూ అన్నావు. ఒకేసారి ఇద్దరా?

వంతెన సంగతి అడిగావు. 'మనసులో మాట చెప్పు' అని ఒకటి, 'ఇంటికి వెళ్ళిపో' అని ఒకటి చూపించింది. బయట మంచు, పిల్ల భుజాల మీద శాలువా కూడా లేదు. ఇంటికి వెళ్ళిపో అనే నొక్కాను. రెండుసార్లూ అదే నొక్కాను. రెండుసార్లూ ఎవరికి ఎవరూ కాకుండా పోయారు.

అవన్నీ సరే. ఆ పిల్లకి ఇంకెవరితోనో పెళ్ళి కుదిరి ఉంది కదా. అతని గురించి "అతను మంచివాడు, కానీ" అని ఆగిపోయింది. నీ నోరే నిజమైతే ఆ 'కానీ' కూడా నీదే. జపాన్ వాళ్ళ మీద పెట్టి చెబుతున్నావు. కళ్ళజోళ్ళ అబ్బాయి నీకు ఇష్టం లేదేమో, మొహమాటానికి తల ఊపావేమో అని నాకు పట్టుకుంది.

ఆ ఆలోచనలోనే కళ్ళు మంటలెత్తి, కళ్ళజోడు వదులైందని షాపుకి వెళ్ళాను. అబ్బాయి లోపల అద్దాలు అరగదీస్తున్నాడు. మిషను చప్పుడు. బల్ల దగ్గర హెడ్మిస్ట్రెస్ గారే కూచున్నారు.

"కళ్ళు అంత ఎర్రబడ్డాయేమిటి అమ్మగారూ? ఏం చదువుతున్నారు?"

"మా బుల్లి కథండీ."

"రాస్తుందా?"

"రాస్తే బాగుండేది. పడవవాడితో తిరుగుతోందండీ."

బుల్లీ, నోట్లోంచి జారిపోయింది. ఒకటి జారాక మిగతావి ఆగలేదు. పియానో మనిషి గురించి కూడా చెప్పేశాను. మీ అబ్బాయికి అన్యాయం జరగకూడదని చెబుతున్నాను, మా పిల్ల మంచిదేనండీ అని కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆదివారం వచ్చి నేనే చూస్తాను. ఎలాగూ మీతో చెప్పాల్సిన మాట ఒకటుంది" అన్నారు. ఆ గొంతు వింటే నాకే ఇంటి లెక్కలు చెయ్యని పిల్లలా నిలబడాలనిపించింది.

నేను చేసింది తప్పో ఒప్పో నువ్వే చెప్పు. ఒప్పని చెప్పు.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తా.క. ఆవిడ వస్తున్నారు కదా అని కొత్త తువ్వాలు తీసిపెట్టాను. పాతది పల్చబడిపోయింది, లోపల ఉన్నదంతా తెలుస్తోంది.

*

అమ్మమ్మా,

నమస్కారాలు, క్షేమాలు అన్నీ తర్వాత. అమ్మకి ఫోన్ చేస్తే అంతా చెప్పాల్సి వస్తుంది, అందుకే ఉత్తరమే రాస్తున్నాను. ఇది అందగానే కంప్యూటరు తీగ పీకెయ్యి. దాన్ని బీరువాలో దుప్పట్ల వెనక పెట్టు. ఆవిడ అడిగితే పాడైపోయిందని చెప్పు. నీకు అబద్ధం చెప్పడం రాదని తెలుసు, అప్పుడు దగ్గు వచ్చినట్టు దగ్గు.

"మంచివాడు, కానీ" అన్నది నేను కాదు. కళ్ళజోళ్ళ అబ్బాయి విషయంలో నాకు 'కానీ' లేదు. ఎవరితోనైనా మాట్లాడుతూ వాళ్ళ అద్దాలు తుడుస్తాడు చూడు, తుడుస్తూ తుడుస్తూ ఏం చెబుతున్నాడో మరిచిపోయి నవ్వేస్తాడు. ఆ నవ్వు చూశాకే నాకు మరో ఆలోచన లేకుండా పోయింది. ఆవిడ ఆ తెర చూసిందంటే అంతా అయిపోయినట్టే. రెండు రోజులుగా నోట్లోకి ముద్ద దిగడం లేదు.

బుల్లి

తా.క. పీకేముందు పై మూల 'సేవ్' అని ఉన్నచోట నొక్కు. అంత కష్టపడి మూడో మనిషి దాకా వచ్చావు, లేకపోతే మళ్ళీ మొదటి నుంచి ఆడాలి.

*

నా తల్లికి,

అమ్మమ్మ దీవించి రాసేది. ముందు కూర్చో. కూర్చున్నావా? మంచి సంగతే. ఇక కాస్త అన్నం తిని వచ్చి తక్కినది చదువు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆవిడ ఆదివారమే వచ్చేశారు. కాళ్ళ కింద పీట వేయించుకుని, "ఏడీ ఆ పడవవాడు?" అన్నారు. తెరిచాను. సరిగ్గా పడవవాడు దీపం తగ్గించే చోట తెరుచుకుంది. నేను తువ్వాలు అందుకున్నాను.

"అదెందుకు?"

"మీరు చూడలేరండీ."

"ముగ్గురు పిల్లల్ని కన్నాను అమ్మగారూ, వాళ్ళేం ఆకాశంలోంచి ఊడిపడలేదు. తీసెయ్యండి. ఇంతకంటే ఎక్కువ మా స్కూలు గోడల మీద రాసేవాళ్ళు, అదీ తప్పుల తడకలుగా."

ఇక ఆవిడే నొక్కడం మొదలుపెట్టారు. పడవవాడు నసిగితే "నిటారుగా నిలబడి మాట్లాడు" అని తెరని గదమాయించారు. వంతెన వచ్చింది. నేను 'ఇంటికి వెళ్ళిపో' మీదికి చెయ్యి చాపాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఎందుకు పంపించేస్తారు?"

"మంచు పడుతోందండీ."

"మంచుకి మహా అయితే జలుబు చేస్తుంది. ఆ మాట ఇప్పుడు చెప్పకపోతే ముసలయ్యేదాకా గొంతులోనే అడ్డం పడుంటుంది" అని 'మనసులో మాట చెప్పు' నొక్కేశారు.

బుల్లీ, కథ మారిపోయింది! ఆ పిల్ల ఇద్దరినీ ఇష్టపడటం కాదట. పడవవాడితో అనబోయే మాట ముందు పియానో మనిషి దగ్గర అని చూసుకుందట, తడబడకుండా వస్తుందో రాదోనని. నేను తిక్కముండలా ఎన్ని రోజులు ఏడ్చాను!

తర్వాత పిన్నిది తెరుచుకుంది. పడవ తాడు విప్పేసింది ఆ పిన్నే. పిల్ల ఆ సాయంత్రం మంచులో పడవెక్కి వెళ్ళిపోతుందేమోనన్న భయంతో విప్పేసింది. తప్పు చేసింది. కానీ కిటికీ దగ్గర కూచుని తనలో తను అనుకునే మాటలు చదువుతుంటే, నా లోపలికి ఎవరో దీపం పట్టుకుని వచ్చినట్టయింది. నేను పైకి ఏనాడూ అనని మాటలే అవి. ఆ రాసిన జపానాయనకి నాలాంటి అమ్మమ్మ ఉందేమో కనుక్కో. ఉంటే ఆవిడ ఒంట్లో ఎలా ఉందో అడిగానని చెప్పు.

మధ్యలో పిల్ల మాటలు వచ్చినప్పుడల్లా హెడ్మిస్ట్రెస్ గారు పైకి చదివి ఒకటే నవ్వు. వేలిముద్రల మాట దగ్గర దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఇవి మీ మనవరాలి మాటలేనా?" అన్నారు.

"కథ జపాన్‌దండీ. నోరు మా బుల్లిది."

అప్పుడు చెప్పారు. "అమ్మగారూ, నేను ఇవాళ ఈ సంబంధం వద్దని చెప్పి వెళ్దామని వచ్చాను." నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పడవవాడి గురించి కాదులెండి. అదేదో కథని షాపులోనే అర్థమైంది. మీ పిల్ల మా ఇంటికి రెండుసార్లు వచ్చింది. అవునండీ, కాదండీ, అంతే. మూడో మాట లేదు. మావాడు చూస్తే సగం వాక్యంలో ఆగిపోయే రకం. ఈ ఇద్దరి మధ్యా నేను గోడ గడియారంతో కబుర్లు చెప్పుకోవాల్సి వస్తుందని భయపడ్డాను. ఇంత నోరున్న పిల్లని దాచిపెట్టారేమిటి మీరు?"

మనం మర్యాద అనుకున్నాం, ఆవిడ మూగతనం అనుకున్నారు. చూడు, ఎంత దూరం పోయిందో!

మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి కుర్చీ కోసం మేమిద్దరం పోట్లాడుకుంటున్నాం. అంతా విని మీ అమ్మ వాచిన కాళ్ళు బకెట్‌లో పెట్టుకుని, "మొదటి నుంచి పెట్టండి, నేనూ చూస్తాను" అంది. నిన్న నేను హాయిగా నిద్రపోయాను. పాలవాడు తలుపు బాదితే గాని లేవలేదు.

ఇట్లు,
గుండె యథాస్థానంలో ఉన్న మీ అమ్మమ్మ

తా.క. ఈసారి వాళ్ళ ఎదుట కూచుని అవునండీ కాదండీ అన్నావంటే ఊరుకోను. తను వచ్చేదాకా కంప్యూటరు మీద చెయ్యి వెయ్యొద్దని హెడ్మిస్ట్రెస్ గారు నా దగ్గర మాట తీసుకున్నారు. వంతెన దగ్గర ఈసారి నన్ను నొక్కనిస్తారట. అబ్బాయిని తీసుకుని, మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. పెద్దాయనకి చెప్పి సెలవు పెట్టి ముందు రోజుకే ఇక్కడ ఉండు. వాళ్ళు వచ్చేది వచ్చే నెల పదిహేడు, ఆదివారం, పొద్దున పదింటికి.